పరాంకుశం గారి నీడ

"వకుళ బాగా అలిసిపోయినట్టుంది. వేళకి తింటోందో లేదో. రెండు రోజులు సెలవిస్తే మంచిది."

కంప్యూటర్ తెర మీద ఆ మాటలు చూసి, కుక్కరు కట్టేద్దామని లేచిన వకుళ మళ్లీ కుర్చీలో కూలబడింది. తను రాసిన మెయిల్లో అలసట ఊసే లేదు. తిండి ఊసు అసలే లేదు. కంపెనీ ఒక ఆస్పత్రిలో చేస్తున్న పరీక్షలో వచ్చిన అంకెలు, వాటికో పట్టిక, పరీక్ష ఇంకో నెల పొడిగించాలా వద్దా అని మొదట్లోనే ఒక ప్రశ్న. అంతే. అది చదివి పరాంకుశం గారి నీడ చెప్పిన అర్థం ఇదీ!

నీడంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. వకుళ పనిచేసే కంపెనీకి ఆఫీసంటూ లేదు. విజయవాడలో ఆమె, కడపలో మునీర్, ఇంకా ఎక్కడెక్కడో ఇంకొందరు, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని పనిచేస్తారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, ఒకరి గొంతు ఒకరు విన్నది లేదు. ఉన్నదల్లా మెయిలే. మెయిలుతో వచ్చే తంటా అందరికీ తెలిసిందే. రాసినవాళ్లు ఒకటనుకుని రాస్తారు, చదివినవాళ్లు ఇంకొకటనుకుంటారు, ఆ తేడా బయటపడేసరికి పని కాస్తా చెడి కూర్చుంటుంది. ఆ తంటా తీర్చడానికే వీళ్లు నీడని తయారు చేశారు. ఒక మనిషి తనకొచ్చిన మెయిళ్లకి ఏం జవాబిచ్చాడు, ఏం ఎదురు ప్రశ్న వేశాడు, దేన్ని చూడకుండా వదిలేశాడు, ఇవన్నీ గమనించి ఆ మనిషి చదివే తీరుని యంత్రం నేర్చుకుంటుంది. మీరు మెయిలు పంపే ముందు దాన్ని అవతలి మనిషి నీడకి చూపిస్తే, "నాకు అర్థమైంది ఇదీ" అని రెండు ముక్కల్లో చెబుతుంది. మీ మనసులో ఉన్నదీ అదే అయితే పంపండి. కాకపోతే మళ్లీ రాసుకోండి. మనిషి మారితే నీడా మారుతుంది, ఎప్పటికప్పుడు వచ్చే జవాబుల్ని బట్టి తనని తాను దిద్దుకుంటుంది.

ఈ నీడని ఊహించినాయన పరాంకుశం గారే. నరసాపురంలో తన ఇంట్లో కూర్చుని కంపెనీ మొత్తాన్ని నడిపే పెద్దమనిషి. ఫోను ఆయనకి గిట్టదు. ఫోన్లో మాట్లాడుకుని, తర్వాత ఎవరేమన్నారో గుర్తులేక కొట్టుకుచస్తారని ఆయన వాదన. ఏం కావాలన్నా మెయిలు రాయాలి. ఒక మెయిల్లో ఒకే సంగతి ఉండాలి. అడగదలుచుకున్నది మొదటి వాక్యంలోనే అడగాలి. వకుళ చేరిన కొత్తలో తన తెలివంతా గుమ్మరించి చాంతాడంత మెయిలు రాస్తే, దానికి ఆయన ఇచ్చిన జవాబు ఒక్కటే వాక్యం. "ఇంతకీ నన్నేం చెయ్యమంటారు?" ఆ రోజు వకుళ ఉక్రోషంతో అన్నం కూడా మానేసింది. కోపం తీరాక కూర్చుని తిరగరాస్తే ఆ చాంతాడు నాలుగు వాక్యాలకి తేలింది. అప్పట్నుంచి ఆయనంటే ఆమెకి భయమూ ఉంది, భక్తీ ఉంది. ఆయన నోట, అంటే ఆయన మెయిల్లో, "బాగుంది" అన్న మాట ఎవరూ చూసి ఎరగరు.

అలాంటాయన నీడ తిండి గురించి దిగులు పడుతోంది!

ఎక్కడో యంత్రం గతి తప్పిందనుకుని వకుళ మెయిలుని ఇంకాస్త బిగించి రాసింది. పట్టిక తీసేసింది, ప్రశ్న మాత్రం ఉంచింది. నీడ చెప్పింది: "వకుళకి ఎవరిమీదో కోపమొచ్చింది. పొడిపొడిగా రాస్తోంది. ముందు కోపం తగ్గాలి."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కుతూహలం పుట్టింది. సరే, ఏమవుతుందో చూద్దామని ఆ మెయిలుని అసలు మనిషికే పంపేసింది. భోజనాల వేళ దాటాక జవాబొచ్చింది. "అమ్మా వకుళా, మనసు పాడుచేసుకోకు. పని ఎక్కడికీ పోదు. రెండు రోజులు హాయిగా పడుకుని లే."

వకుళ ఆ జవాబు రెండుసార్లు చదువుకుంది. నీడ గతి తప్పలేదు. మనిషి ఎలా ఉన్నాడో నీడా అలాగే ఉంది. మారింది పరాంకుశం గారే.

"ముసలాయనకి మనవడో మనవరాలో పుట్టుంటారు," అన్నాడు ఆమె భర్త శ్రీపతి, మజ్జిగన్నం కలుపుకుంటూ. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తాడాయన. ప్రతి మార్పుకీ ఏదో ఒక బలం కారణమై ఉండాలని నమ్మే మనిషి.

"పిల్లల్లేరు వాళ్లకి."

"అయితే సెలవు పుచ్చుకో. కారణం తర్వాత కనుక్కోవచ్చు."

"నీ నీడ కూడా ఇలాగే ఉంటే బావుణ్ణు," అంది వకుళ. ఒకసారి సరదాకి శ్రీపతి ఫోన్లో మెసేజిలన్నీ పోసి అతని నీడని తయారు చేసింది. ఆమె ఏం రాసి చూపించినా ఆ నీడ చెప్పే అర్థం ఒక్కటే, వచ్చేటప్పుడు ఏదో తెమ్మంటోంది అని. శ్రీపతి ఆ సంగతి విని నొచ్చుకున్నాడు గానీ కాదని మాత్రం అనలేకపోయాడు.

సెలవు పుచ్చుకుంది కానీ వకుళ బుర్ర పుచ్చుకోలేదు. రెండో రోజే మునీర్‌కి మెయిలు పెట్టింది, పెద్దాయనలో ఏమైనా తేడా కనిపించిందా అని. మునీర్ కడప కుర్రాడు, ఆస్పత్రి పరీక్షలన్నీ అతని చేతి మీదే జరుగుతున్నాయి. జవాబు వెంటనే వచ్చింది. "కనిపించకేం మేడమ్! మా అమ్మకి కంటి ఆపరేషనంటే వారం రోజులిచ్చారు. పోయినసారి బాబూ అన్నారు. ఆయన మెత్తబడితే మనం సుఖపడాలి గానీ ఎందుకూ అని అడగకూడదు."

మాట నిజమే. వేసవి దాటిన దగ్గర్నుంచి కంపెనీలో అందరి ప్రాణాలూ తేలికపడ్డాయి. కానీ వకుళకి ఎందుకూ అని అడగకపోతే నిద్ర పట్టదు.

నీడలు పాతబడ్డా పారెయ్యరు, నెల నెలా ఒక నకలు దాచి ఉంచుతారు. వకుళ తన మెయిలుని తీసుకెళ్లి జనవరి నాటి పరాంకుశం గారి నీడకి చూపించింది. "పరీక్ష పొడిగించాలా అని అడుగుతోంది. తన అభిప్రాయం మాత్రం చెప్పలేదు. అది చెప్పమనాలి," అంది అది. ఆ ధోరణి వకుళకి పుట్టింటి వీధిలా తెలుసు. మార్చి నీడ అదే చెప్పింది, మే నీడా అదే చెప్పింది. జులై నీడ మాత్రం, "పాపం ఈ పిల్ల ఎంత కష్టపడి ఈ లెక్కలన్నీ వేసిందో!" అని మురిసిపోయింది.

మార్పంతా జూన్‌లోనే వచ్చిందన్నమాట. ఆ నెలలో ఆయన జ్వరమని కొన్నాళ్లు సెలవు పెట్టారు. అంతకుముందు ఆయన జవాబులు తెల్లవారుజామునే వచ్చి పడి ఉండేవి. ఆ తర్వాతవన్నీ మధ్యాహ్నం భోజనాలయ్యాకే వస్తున్నాయి. వకుళ ఇంకా లోతుకి వెళ్లింది. ఒక మెయిలుని ముక్కలు ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ కొత్త నీడకి చూపించింది. అంకెలు దానికి ఆనవు. పట్టిక చూపిస్తే గోడని చూసినట్టు చూస్తుంది. కానీ "నమస్కారం" అన్న మాట ఒక మెయిల్లో ఉండి ఇంకో మెయిల్లో లేకపోతే వెంటనే పట్టేస్తుంది. ఎవరు చిన్నబుచ్చుకున్నారో, ఎవరికి ఇంట్లో ఇబ్బందిగా ఉందో, ఒక్క వాక్యంలో పసిగడుతుంది. ఇంత చక్కగా చదివే నీడని వకుళ ఇంతవరకు చూడలేదు. ఇంత దారుణంగా పని సంగతి వదిలేసే నీడనీ చూడలేదు.

మెదడుకి ఏదైనా జబ్బు చేసిందా? ఆ ఆలోచన రాగానే ఆమెకి కుతూహలం స్థానంలో సిగ్గు ముంచుకొచ్చింది. ఆయన ఎవరికీ చెప్పని సంగతిని తను ఆయన నీడని అడ్డం పెట్టుకుని తవ్వుతోంది. వాళ్లు తయారు చేసిన యంత్రంతో ఇలాంటి పని కూడా చెయ్యొచ్చని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ఆమె కంప్యూటరు కట్టేసి వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా డబ్బాలన్నీ సర్దింది.

అక్కడితో ఆగిపోయేదే. శుక్రవారం నాడు ఇంకో మెయిలు వచ్చి ఉండకపోతే.

ఒక పెద్ద ఆస్పత్రి వాళ్లు నర్సుల కోసం నీడని కొనుక్కుంటున్నారు. డ్యూటీ దిగే నర్సు ఎక్కే నర్సుకి, ఏ రోగికి ఏ మందు, ఎంత మోతాదు అని రాసి పెడుతుంది కదా. అది సరిగ్గా అర్థమవుతుందో లేదో నీడ ముందే చెబుతుంది. ఒక వార్డులో పరీక్ష జరిగింది. సోమవారం నుంచి అన్ని వార్డుల్లోనూ మొదలుపెట్టొచ్చని పరాంకుశం గారు అనుమతి ఇచ్చేశారు. మునీర్ రాసిన నివేదికా, దానికి ఆయన జవాబూ వకుళకి కూడా వచ్చాయి. జవాబు ఇదీ. "శభాష్ బాబూ. చాలా కష్టపడ్డారు. శుభస్య శీఘ్రం."

మునీర్ మెయిలు పైనుంచి కింద దాకా చదివేసరికి వకుళ గుండెల్లో రాయి పడింది. మొదట అంతా బ్రహ్మాండంగా ఉంది. చివర, తోటివాళ్లు తిండీ నిద్రా మాని పనిచేశారని ఉంది. ఆ రెంటికీ మధ్య ఒక పొడుగాటి పేరాలో, కొత్తగా చేరిన నర్సుల నీడలు దేన్ని చూపించినా "అర్థమైంది" అనే అంటున్నాయని ఉంది. ఒకమ్మాయి, సగానికి తగ్గించమన్న మందుని ఎప్పటిలాగే ఇవ్వబోతే హెడ్ నర్సు చూసి ఆపిందనీ ఉంది. ఆ అమ్మాయి నీడ మాత్రం ఆ మందు రాత చూసి "అర్థమైంది" అనే చెప్పిందట.

వకుళ మునీర్‌కి రాసింది, ఇది తెలిసి సోమవారం ఎలా మొదలుపెడతావు అని.

"ఉన్నది ఉన్నట్టు రాశాను మేడమ్, ఏదీ దాచలేదు. ఆయన చూసి సరేనన్నారు. ఆయన చూశాక ఇంక మనం చూడాల్సింది ఏముంటుంది?"

అతన్ని తప్పుపట్టడానికి లేదు. కంపెనీ మొత్తం అలాగే బతుకుతోంది. అనుమానం ఏదైనా ఉంటే మెయిల్లో ఒక మూల పెట్టెయ్యడం, పరాంకుశం గారు ఎలాగూ పట్టుకుని అడుగుతారులే అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవడం. వకుళ కూడా ఎన్నోసార్లు అదే చేసింది.

ఆమె కూర్చుని పరాంకుశం గారికి మెయిలు రాసింది. మొదటి వాక్యమే "సోమవారం మొదలుపెట్టొద్దు" అని పెట్టింది. నీడకి చూపిస్తే, "మునీర్‌కీ వకుళకీ పడట్లేదు. ఇద్దరూ మంచి పిల్లలే, సర్దిచెప్పాలి," అంది. కారణాలు వివరించి రాస్తే, "పాపం, తనని మెచ్చుకోలేదని వకుళ చిన్నబుచ్చుకుంది," అంది. రోగి ప్రాణం మీదకి వస్తుందని రాస్తే, "వకుళ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేదు," అంది. ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. పంపినా వచ్చే జవాబేమిటో ముందే తెలుస్తోంది. స్పష్టంగా రాయడం ఎలాగో నేర్పిన మనిషికే ఒక్క ముక్క స్పష్టంగా చెప్పలేకపోతోంది.

"కంపెనీ యజమానులకి రాసెయ్యి," అన్నాడు శ్రీపతి.

"రాస్తే ఆయన్ని తీసేస్తారు. నిజంగా జబ్బే చేసి ఉంటే, ఆ మాట నా మెయిలు వల్ల బయటపడాలా?"

"ఆస్పత్రికి?"

"ఆస్పత్రి వాళ్లు ఆయన మాట తప్ప ఇంకొకరి మాట వినరు. ఒప్పందమే అది."

"అయితే నరసాపురం వెళ్లిరా."

"పిలవకుండా వాళ్లింటికా?"

"పిలవకుండా ఆయన నీడలోకి వెళ్లలేదూ?" అన్నాడు శ్రీపతి. ఆ మాట ఆమెకి చురుక్కుమంది. చురుక్కుమన్నందుకే మర్నాడు పొద్దున్న బండెక్కింది.

కంపెనీ కంప్యూటర్లు పంపే చిరునామా ఆమె దగ్గరుంది. గోదావరి గట్టుకి కాస్త ఇవతల, పెంకుటింటి ముందు గచ్చు మీద ముగ్గు ఇంకా తడారలేదు. తలుపు తీసినావిడ పొట్టిగా ఉంది, మెడలో తాడుకి కళ్లజోడు వేలాడుతోంది.

"ఎవరు కావాలండీ?"

"నమస్కారమండీ. నేను వకుళని, విజయవాడ నుంచి. సార్‌తో పనిచేస్తాను."

"అదేంటమ్మా!" అంది ఆవిడ గబుక్కున. "రెండ్రోజులు హాయిగా పడుకోమంటే ఇంత దూరం ఎందుకొచ్చావు?"

అనేసి నాలిక కరుచుకుంది.

ఇద్దరూ గుమ్మానికి ఇటొకరు అటొకరు నిలబడిపోయారు. వకుళకి అంతా ఒక్కసారి తెలిసొచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే జవాబులు, అంకెలు ఆనని చూపు, అమ్మా బాబూ అన్న పిలుపులు. నీడ సరిగ్గానే నేర్చుకుంది. ఎవరి దగ్గర నేర్చుకుంటోందో వీళ్లకే తెలియలేదు.

"ఎవరు ఆండాళ్లూ?" అని లోపల్నుంచి ఖంగుమనే గొంతు వినిపించింది.

పరాంకుశం గారు కిటికీ పక్కన పేము కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. జబ్బు మనిషిలా లేరు. వకుళ పేరు చెప్పగానే మొహంలో వెలుగొచ్చింది.

"మెయిలు రాయకుండా మీరే వచ్చారంటే అది రాయడానికి లొంగని సంగతయ్యుండాలి. కూర్చోండి."

ఆమె ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నమిలింది. ఆయనే అందుకున్నారు.

"మీరు ఏదో పసిగట్టి వచ్చారు. దాచి లాభం లేదు. ఇలా చూడండి." పక్కనున్న కాగితం మీద పెన్నుతో గుండ్రంగా పరాంకుశం అని రాశారు. ఆ కాగితాన్ని కళ్ల ముందు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇదేం రాసి ఉందో నాకు తెలీదు. రాశాను కాబట్టి నా పేరనుకుంటున్నాను, అంతే. జూన్‌లో ఒకరోజు పొద్దున్న లేచి పేపరు తీస్తే అక్షరాలన్నీ చీమల బారులా ఉన్నాయి. చూపు బావుంది. మీ చీర అంచు రంగు చెప్పగలను. రాయగలను. చదవడం ఒక్కటే పోయింది. మెదడులో ఎక్కడో చిన్న నెత్తురు గడ్డ అడ్డం పడిందట. కంటికి కనపడ్డ అక్షరం మాటగా మారే దారి మూసుకుపోయిందన్నారు. తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు."

వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చదవడం మీదే వాళ్ల కంపెనీ నిలబడి ఉంది.

"పనికేం లోటు రాలేదండీ," అన్నారాయన, కాస్త గర్వంగా. "రోజూ ఆండాళ్లు మెయిళ్లన్నీ చదివి వినిపిస్తుంది. నేను చెప్పింది రాసి పంపిస్తుంది."

ఆండాళ్లు గారు తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వకుళ వైపు చూసిన చూపు వకుళకి అర్థమైంది. చెప్పొద్దని ఆ చూపు అడుగుతోంది. చెప్తే ఈ ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది. చెప్పకపోతే సోమవారం ఎవరో ముక్కూమొహం తెలియని రోగి ఒంట్లోకి ఎక్కాల్సినదానికి రెండింతల మందు ఎక్కుతుంది.

"సార్, మునీర్ మెయిలు విన్నారా?"

"ఏ మెయిలు?"

వకుళ సంచిలోంచి కంప్యూటరు తీయబోయింది. ఆండాళ్లు గారే రెండడుగులు ముందుకొచ్చింది.

"నేను చదవలేదండీ మీకు. అదే కాదు, చాలా చదవలేదు." చీర కొంగు చేతికి చుట్టుకుంటూ చెప్పింది. "మొదట్లో అన్నీ చదివాను. ఒక్కోటీ విని మీరు కుర్చీ మీద గుద్దేవారు. మొహం జేగురించేది. బీపీ పెరిగితే ఆ గడ్డ రెండోసారి వస్తుందని డాక్టరుగారు నా చెవినేసి మరీ చెప్పారు. అంచేత మీకు నచ్చేవే చదివి, మిగతావాటికి నేనే రాసేశాను. మా వాళ్లిళ్లల్లో ఉత్తరాలన్నీ నేనేగా రాసేదాన్ని. ఎవరు రాసినా, వాళ్లు ఎలా ఉన్నారో అది చూసేదాన్ని. పని సంగతంటారా, చదువుకున్న పిల్లలు, వాళ్లకి తెలీదా అనుకున్నాను."

పరాంకుశం గారు కుర్చీ మీద గుద్దలేదు. వకుళని అదే ఎక్కువ భయపెట్టింది. ఆయన ఆమె వైపు తిరిగి, "వకుళ గారూ, ఆ మెయిలు చదవండి," అన్నారు.

ఆమె చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. నడిమి పేరా రాగానే చెయ్యెత్తి ఆపారు. "ఆ వాక్యం మళ్లీ." మళ్లీ చదివింది. "దీనికి నేనేమన్నానట?"

"శభాష్ అన్నారు సార్."

ఆండాళ్లు గారు అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయింది. "అంత ప్రమాదమా అమ్మా అది? కష్టపడ్డామని రాశాడు. బాబు ఎంతో ఆశపడుతున్నాడనిపించింది. ఒకవేళ ఎవరికైనా ఏదైనా అయ్యుంటే..."

"అవలేదు కదా. లే," అన్నారాయన. "లేచి రాయి. ఆస్పత్రికి. మొదటి వాక్యం, సోమవారం మొదలుపెట్టకండి. రెండో వాక్యం, తప్పు మాది."

ఆవిడ లేచి రాసింది, వకుళ సరిచూసింది. మెయిలు వెళ్లింది. కాఫీలు తాగేలోపే ఆస్పత్రి వాళ్లు సరేనన్నారు. వకుళ ఊపిరి పీల్చుకుంది.

వచ్చిన పని అయిపోయింది. కానీ ఆ మనిషిని అలా వదిలి వెళ్లబుద్ధి కాలేదు. కాస్త సంకోచిస్తూనే చెప్పింది.

"సార్, మే నెల నాటి మీ నీడ నా దగ్గర భద్రంగా ఉంది. మెయిలు దానికి చూపిస్తే మీలాగే చదివి, మీకు అర్థమయ్యేదే చెబుతుంది. పైకి చదివి వినిపించేలా చేస్తాను. మీరెప్పటిలాగే పనిచేసుకోవచ్చు. ఎవరికీ తెలియక్కర్లేదు."

ఆయన కళ్లు మెరిశాయి. ఎంతైనా దాన్ని పుట్టించిన మనిషి. "ఏదీ, మునీర్ మెయిలు దానికి చూపించండి."

వకుళ తన కంప్యూటరు తెరిచింది. పాత నీడ అర్థం చెప్పింది, ఆమె పైకి చదివింది. "ఇతను తప్పు కనిపెట్టాడు. కానీ నిర్ణయం నా నెత్తిన పెట్టాడు. సరిదిద్దేవరకు మొదలుపెట్టొద్దని చెప్పాలి."

"ముక్కకి ముక్క నేనే," అన్నారాయన మురిపెంగా. కొంచెం ఆగి, "మరి జూన్ తర్వాతది?" అన్నారు.

"ఈ అబ్బాయి భయపడుతున్నాడు. ఏదో చెప్పాలనుకుని చెప్పలేకపోతున్నాడు. కాస్త మెచ్చుకుంటే ధైర్యం వస్తుంది."

పరాంకుశం గారు భార్య వైపు తిరిగి అడిగారు. "భయపడుతున్నాడని నీకెలా తెలిసింది?"

"సంతోషంగా ఉన్నవాడు అన్నిసార్లు సంతోషంగా ఉందని రాయడండీ."

"ఇన్నేళ్లు చదివాను, నాకది కనపళ్లేదు. నీకు నర్సు కనపళ్లేదు. ఇద్దరం కలిసి ఒక్క మెయిలు చదవలేకపోయాం." ఆయన నవ్వారు. ఆ నవ్వులో బాధ కూడా ఉంది. "ఆ నీడ వద్దు వకుళ గారూ. మే నెల నాటివాడు తను చదివిందే చాలనుకున్నాడు, సరే. ఇప్పుడు వాణ్ణి తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టుకుంటే, అబద్ధం చేతులు మారుతుంది, అంతే."

ఆ తర్వాత ఆయన ఒక చిత్రమైన పని అడిగారు. జూన్ నుంచి తన పేరు మీద వెళ్లిన జవాబులన్నీ చదవమన్నారు, ఏదీ వదలకుండా. ఆండాళ్లు గారు బిక్కమొహంతో చదువుతూ పోయింది. ఎవరికో సెలవు. ఎవరికో ఓదార్పు. ఎవరికో కూతురి పెళ్లికి దీవెన. వాటికి వచ్చిన జవాబులు కూడా చదివింది. మీ మాటతో ధైర్యం వచ్చింది సార్ అని, మా అమ్మ మిమ్మల్ని తలుచుకోని రోజు లేదు సార్ అని. తనవి కాని దండాలన్నీ ఆయన తలవంచుకుని విన్నారు. చదివి చదివి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

"ఇప్పుడు అందరికీ రాయి. యజమానులకి కూడా," అన్నారాయన. చెబుతుంటే ఆవిడ రాసింది.

"ఈ మెయిలుకి మీరు ఫోను చేసి జవాబు చెప్పండి. జూన్ నుంచి నేను చదవలేను. అప్పట్నుంచి మీకు వచ్చిన జవాబులు చాలావరకు నా భార్య ఆండాళ్లు రాసినవి. వాటిలో ఇచ్చిన సెలవులూ దీవెనలూ చెల్లుతాయి. ఇచ్చిన అనుమతులు ఏవీ చెల్లవు. మీ పనిలో మీకున్న అనుమానం నాకు నోటితో చెప్పండి. నన్ను ఉంచాలో వద్దో యజమానులు తేల్చుకుంటారు. అప్పటిదాకా వింటాను. పరాంకుశం."

కింద ఇంటి ఫోను నంబరు వేయించారు. ఇన్నేళ్లలో ఆ నంబరు ఎవరికీ ఇచ్చింది లేదు.

"పంపమంటారా?" అంది ఆండాళ్లు గారు. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"నీ పేరు కూడా పెట్టు. రాసింది నువ్వేగా."

మెయిలు వెళ్లింది. గదిలో ముగ్గురూ ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. అది మోగదేమోననీ, మోగితే ఏం వినాల్సొస్తుందోననీ వకుళకి గుబులు పట్టుకుంది. కాసేపటికి మోగింది. పరాంకుశం గారు తీశారు. వకుళ స్పీకరు నొక్కి పెట్టింది.

అవతల్నుంచి మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

మెయిల్లో అయితే ఈ ఖాళీ కనిపించేదే కాదు. పరాంకుశం గారు ఫోను చెవి దగ్గరగా పెట్టుకుని, తొందరపెట్టకుండా కాచుకున్నారు.

"సార్... నేను మునీర్‌ని."

"చెప్పు బాబూ."

ఆ పిలుపు ఆయన నోట ఎలా వచ్చిందో, ఆండాళ్లు గారు చప్పున తలెత్తి చూసింది.

"ఆ మెయిల్లో ఒకటి రాయలేదు సార్. రాసేదానికి రాలేదు నాకు. ఆ కొత్త నర్సులుండారు చూడండి, వాళ్లకు అర్థమై కాదు సార్ అడగనిది. పెద్ద నర్సంటే భయపడి అడగలేదు. అడగలేదు కాబట్టి అర్థమైందనుకుంటాంది మన నీడ. నాకెట్ల తెలుసంటే..." అతను ఆగి మళ్లీ అందుకున్నాడు. "నేనూ అంతే సార్. ఇన్నేళ్లలో మీరు రాసిండేవాటిలో సగం నాకు అర్థం కాలేదు. అడిగితే ఏమనుకుంటారోనని ఒక్కసారీ అడగలేదు. నా నీడని చూడండి సార్ కావాలంటే. అన్నీ అర్థమైనట్టే ఉంటుంది."

వకుళకి అప్పుడు అర్థమైంది. లోపం కొత్త నర్సుల దగ్గర లేదు. తను ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న ఆ యంత్రం, భయపడి నోరు మూసుకున్న ప్రతి మనిషినీ తెలివైనవాడి కింద జమకట్టింది.

ఆండాళ్లు గారు భయంగా భర్త మొహంలోకి చూసింది, జేగురిస్తోందేమోనని. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"ఏది అర్థం కాలేదు బాబూ?" అన్నారాయన. "మొదటి మెయిలు దగ్గర్నుంచి చెప్పు. నేను వింటున్నాను."